అరువు చక్రాలు, చాలని బరువు

ఉత్తర వేల్స్‌లోని డినోర్విక్, పెన్రిన్ పలకరాయి గనుల్లో ఒకప్పుడు పనిచేసిన హన్స్‌లెట్ ఇంజను బరువు ఆరేడు టన్నులు. లీడ్స్ నగరంలో తయారైన ఈ బుల్లి ఆవిరి ఇంజన్లలో చాలావాటికి డ్రైవరు తల మీద కప్పు కూడా ఉండేది కాదు. అలాంటి ఇంజనును పొడవులో, వెడల్పులో, ఎత్తులో 76 రెట్లు తగ్గించి, అవే లోహాలతో అచ్చు గుద్దినట్టు చేయగలిగితే ఎంత తూగుతుంది? మూడు కొలతలూ తగ్గాయి కాబట్టి బరువు 76 రెట్లు కాదు, నాలుగు లక్షల నలభై వేల రెట్లు తగ్గుతుంది. ఆరున్నర టన్నులకు లెక్క కడితే వచ్చేది సుమారు 15 గ్రాములు. రెండు పది రూపాయల నాణేలు అరచేతిలో పెట్టుకుంటే ఆ బరువు ఎంతో తెలిసిపోతుంది.

ఈ లెక్క కాగితం మీద సరదాగానే ఉంటుంది. నారోగేజి ఇంజన్ల కిట్టు కొని, ఇంట్లో బల్ల మీద కూర్చి, పట్టాల మీద నడిపించాలనుకునే వాళ్ల కష్టాలు మాత్రం సరిగ్గా అక్కడే మొదలవుతాయి. ఆ పదిహేను గ్రాముల వస్తువు సన్నని పట్టాల నుంచి తన చక్రాల ద్వారా 12 వోల్టుల కరెంటు అందుకోవాలి. కడుపులో దాచుకున్న మోటారును తిప్పుకోవాలి. వెనక అరడజను బండ్లను లాగాలి. పైగా నిజం ఇంజనులాగా నింపాదిగా, ఉలికిపాట్లు లేకుండా నడవాలి. పెద్ద లైన్ల మీద తిరిగే డెబ్బై టన్నుల ఇంజను నమూనాకు ఇదే లెక్కన నూట యాభై గ్రాములకు పైగా బరువు వస్తుంది. పట్టా మీద ఉన్న దుమ్ము కణాన్ని అది నలిపేసి వెళ్లిపోతుంది. పదిహేను గ్రాముల ఇంజను అదే కణం మీదికెక్కి, కరెంటు తెగి, అక్కడే నిలబడిపోతుంది.

కిట్టు పెట్టె మీద బొమ్మలో కనిపించేవి పొగగొట్టం, నీటి తొట్లు, వరసగా రివెట్లు. ఇంజను నడుస్తుందా లేదా అన్నది తేల్చేది వాటి కింద ఉన్న చాసిస్. నారోగేజి మోడలింగ్ చరిత్రలో ఎక్కువ భాగం ఆ కింది భాగాన్ని ఎక్కడి నుంచి అరువు తెచ్చుకోవాలన్న వెతుకులాటే. అరువు సొమ్ములు బరువు చేటు అని సామెత. ఇక్కడ చేటు తెచ్చేది బరువు కాదు, బరువు లేకపోవడం. ఆ ఒక్క తేడా తప్పిస్తే సామెత ఈ వ్యవహారానికి బాగానే అతుకుతుంది.

తొమ్మిది మిల్లీమీటర్ల కథ

రెండు పట్టాల మధ్య దూరం ప్రామాణిక కొలత 1,435 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ప్రపంచమంతా దాన్ని నారోగేజి అంటుంది. మన దేశంలో మీటర్‌గేజికి వేరే పేరు ఉండటంతో రెండున్నర అడుగులు, రెండు అడుగుల మార్గాలనే అలా పిలవడం అలవాటు. గనుల్లో, తోటల్లో, కొండదారుల్లో, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల వెనక, ఎక్కడ ఖర్చు తక్కువ కావాలో, ఎక్కడ దారి మెలికలు తిరగాలో అక్కడల్లా వీటిని వేశారు. బ్రిటన్‌లో ఈ చిన్న రైళ్ల మీద మమకారం మరీ ఎక్కువ. వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే మూతపడబోతుంటే 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని తమ చేతుల్లోకి తీసుకుని నడపడం మొదలుపెట్టారు. ప్రపంచంలో ఆ విధంగా బతికిన మొదటి రైల్వే అదే. సెలవుల్లో వెళ్లి దాన్ని, దాని పొరుగున ఉన్న ఫెస్టినియోగ్ రైల్వేను చూసి వచ్చిన వాళ్లకు అలాంటిదే ఇంట్లోనూ ఉండాలని ఆశ పుట్టడం సహజం.

ఆశకు తగ్గ పట్టాలు మాత్రం లేవు. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే నమూనా రైళ్ల స్కేలు ఓఓ. నిజం అడుగు అందులో 4 మిల్లీమీటర్లు, అంటే 76.2కి ఒకటి. ఆ స్కేలులో నారోగేజి పట్టాలు, చక్రాలు, మోటార్లు ఏ కంపెనీ తయారు చేసేది కాదు. 1960ల మొదట్లో జర్మనీలోని ఆర్నాల్డ్ సంస్థ 9 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే మరీ చిన్న రైళ్లు తెచ్చింది. అవి నిజానికి పెద్ద రైళ్లకే నమూనాలు, కాకపోతే 160 రెట్లు తగ్గించినవి. ఆ 9 మిల్లీమీటర్ల చాసిస్ మీద ఓఓ స్కేలులో చేసిన ఇంజను ఒంటిని కూర్చోబెడితే నారోగేజి బండి తయారవుతుందని కొందరికి తట్టింది. 1963లో మ్యూనిక్‌లోని ఎగ్గర్ బాన్ సంస్థ 87కి ఒకటి స్కేలులో, అదే 9 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే బుల్లి ఇంజన్లు తయారుచేసి అమ్మింది. నాలుగైదేళ్లలోనే అది మూతపడినా దారి మాత్రం పడింది. బ్రిటన్‌లో ఈ పద్ధతి డబుల్ ఓ నైన్ అన్న పేరుతో స్థిరపడి, 1973 నాటికి దానికంటూ ఒక సొసైటీ కూడా వెలిసింది.

అరువు గేజి కొలత మన లెక్కకు సరిపోవాలని ఏమీ లేదు. 9 మిల్లీమీటర్లను 76.2తో గుణిస్తే 685.8 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 2 అడుగుల 3 అంగుళాలు. బ్రిటన్‌లో ఆ గేజితో నడిచిన రైల్వేలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అదృష్టం ఏమిటంటే వాటిలో టాలిలిన్ ఒకటి, దాని పక్కనే ఉన్న కోరిస్ మరొకటి. మిగిలినవాటిలో చాలావరకు రెండు అడుగులకు అటూ ఇటూ ఉండేవే. ఫెస్టినియోగ్ గేజి 597 మిల్లీమీటర్లు. నమూనాలో అది 7.8 ఉండాలి, ఉన్నది 9. డార్జిలింగ్ కొండ రైలుకు 8 ఉండాలి, దానికీ 9 పట్టాలే దిక్కు. ఒక మిల్లీమీటరే కదా అనిపించవచ్చు. ఎనిమిదిలో ఒకటి అంటే తక్కువేమీ కాదు. ఎదురుగా నిలబడి చూస్తే అన్న చెప్పులు వేసుకున్న తమ్ముడిలా ఇంజను కాళ్లు కాస్త ఎడంగా కనిపిస్తాయి. అలవాటైన కళ్లు దాన్ని పట్టించుకోవు. పట్టించుకునే వాళ్లు పట్టాలు, చక్రాలు అన్నీ సొంతంగా చేసుకోవాలి, చేసుకునే వాళ్లూ లేకపోలేదు.

పైన వేల్స్, కింద జపాన్

పట్టాల అప్పుకు వడ్డీ ఆ ఒక్క మిల్లీమీటరుతో తీరిపోతుంది. చాసిస్ అప్పు అంత తేలికగా తీరదు. దశాబ్దాల పాటు డబుల్ ఓ నైన్ కిట్టు అంటే వైట్‌మెటల్ ముక్కల సంచీ. వైట్‌మెటల్ అంటే ప్రధానంగా తగరం, సీసం, యాంటిమొనీ కలిసిన మిశ్రమం. తక్కువ వేడికే కరుగుతుంది. గిర్రున తిరిగే రబ్బరు అచ్చులో పోస్తే మూలమూలలకూ పాకి గట్టిపడుతుంది. పెరట్లో షెడ్డు ఉన్న మనిషి ఎవరైనా ఈ వ్యాపారం పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకున్నారు కూడా. అసలు మేలు మరోటి ఉంది. ఈ లోహం బరువైనది. ఇంతకుముందు చెప్పిన పదిహేను గ్రాముల సమస్యకు ఇది తెలిసో తెలియకో దొరికిన మందు. ఇత్తడి రేకుతో చేసిన ఒళ్లు ఎంత అందంగా ఉన్నా ఖాళీ డొల్ల. అంతే సైజు వైట్‌మెటల్ ఒళ్లు దాని కంటే ఎన్నో రెట్లు తూగుతుంది.

ఆ ఒళ్లు కూర్చునేది మాత్రం ఏదో ఒక కంపెనీ పెద్ద రైలు నమూనాకు చేసిన చాసిస్ మీద. అందువల్ల కిట్టు గీసే మనిషి ముందు చూసేది వేల్స్‌లోని ఇంజను కొలతలు కాదు, మార్కెట్లో దొరికే చాసిస్ కొలతలు. చక్రాల మధ్య దూరం దానిది. చక్రాల సైజు దానిది. మోటారు బాయిలరులో పట్టకపోతే బాయిలరు లావెక్కుతుంది. క్యాబులోకి పొడుచుకొస్తే కిటికీలు మూసుకుపోతాయి. పాత కిట్లలో కొన్నిటిని నిజం ఫొటో పక్కన పెట్టి చూస్తే దగ్గరి బంధువులు అనిపిస్తారు తప్ప అదే మనిషి అనిపించడు. కప్పులేని హన్స్‌లెట్ ఇంజనుకైతే మోటారు దాచడానికి చోటే ఉండదు. దాని బాయిలరు నమూనాలో సుమారు సెంటీమీటరు వెడల్పు. అందులో ఇమిడే కోర్‌లెస్ మోటార్లు, అంటే తిరిగే చుట్టలో ఇనుప దిమ్మె లేని సన్నని మోటార్లు, సులభంగా దొరికేదాకా ఆ ఇంజనును ఈ స్కేలులో సరిగ్గా చేయడం దాదాపు అసాధ్యంగానే ఉండేది.

వేగం సంగతి ఇంకా చిత్రం. 160 రెట్లు తగ్గించిన నమూనా తన స్కేలులో గంటకు 100 కిలోమీటర్లు పోయేలా గేర్లు అమర్చారనుకుందాం. అదే చాసిస్ మీద 76 రెట్లు తగ్గించిన ఒళ్లు పెడితే వేగం స్కేలు ప్రకారం గంటకు 48 కిలోమీటర్లే అవుతుంది. సగానికి పైగా తగ్గిందని సంతోషించవచ్చు. కానీ పలకరాయి బండ్లు లాగే ఇంజను పోయేది మనిషి పరుగుతో సమానంగా, చాలాసార్లు అంతకన్నా మెల్లగా. వోల్టేజి తగ్గిస్తే సరిపోతుంది కదా అంటే, సరిపోదు. వోల్టేజి తగ్గేకొద్దీ మోటారు పట్టు సన్నగిల్లి, ఒక దశలో తిరగడం మానేస్తుంది. కదిలిస్తే ఉరుకుతుంది, ఆపితే తన్నినట్టు ఆగుతుంది. మందు గేర్లలోనే ఉంది. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే మోటారుకు 40కి ఒకటి నిష్పత్తిలో వార్మ్ గేరు, అంటే మరలాంటి కడ్డీతో తిరిగే పళ్ల చక్రం, పెడితే 8 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 250 చుట్లు తిరుగుతుంది. పట్టా మీద అది సెకనుకు పది సెంటీమీటర్లు, నిజం లెక్కన గంటకు 28 కిలోమీటర్లు. గరిష్ఠ వేగమే అంత ఉంటే మెల్లగా నడపడానికి మోటారును అడుక్కోనక్కర్లేదు. కొన్న చాసిస్‌లో ఈ నిష్పత్తి మార్చుకునే వీలు ఉండదు.

చాసిస్ తయారీ ఆపేయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. దాని మీద ఆధారపడ్డ కిట్లన్నీ రాత్రికి రాత్రి అనాథలవుతాయి. ఒళ్లు అమ్మకానికి ఉంటుంది, కింద పెట్టడానికి ఏమీ ఉండదు. పాత చాసిస్ కోసం సంతల్లో, సెకండ్ హ్యాండ్ డబ్బాల్లో వెతుకులాట ఈ రంగంలో ఒక ఉపవృత్తి. జపాన్ సంస్థ కాటో అమ్మే చిన్న నాలుగు చక్రాల చాసిస్‌లు ఏళ్లకేళ్లు దొరుకుతూ ఉండటం వల్లే ఇవాళ ఎన్నో కిట్లు నిలబడి ఉన్నాయి. టోక్యో వీధుల్లో ట్రాముగా తిరగాల్సిన చక్రాల మీద వేల్స్ గని ఇంజను నడుస్తోందంటే నవ్వొస్తుంది గాని, ఆ చాసిస్ నిజంగానే మంచిది.

ఇత్తడి రేకు, టంకం, అద్దం ముక్క

అరువు వద్దనుకునే వాళ్ల దారి ఎచింగ్ కిట్టు. పోస్టుకార్డు పరిమాణంలో ఇత్తడి రేకు లేదా జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) రేకు వస్తుంది. మందం 0.25 నుంచి 0.4 మిల్లీమీటర్లు. రేకు రెండు వైపులా బొమ్మను ఫొటో పద్ధతిలో అచ్చువేసి, రసాయనంలో ముంచితే బొమ్మ లేని చోట లోహం కరిగిపోతుంది. ఒక వైపు మాత్రమే తెరిచి ఉంచిన గీతల వెంబడి సగం మందం వరకే కరుగుతుంది. మడతలు పెట్టాల్సింది ఆ గీతల దగ్గరే. గీత లోపలికి ఉండేలా మడవాలన్నది సాధారణ నియమం. తిరగేసి మడిచి, సరిచేయబోయి విరగ్గొట్టుకోవడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. మడిచాక లోపలి మూల పొడవునా సన్నగా టంకం పారిస్తేనే ఆ మడతకు బలం.

టంకం పెట్టడంలో కంసాలికి తెలిసిన కిటుకే ఇక్కడా పనికొస్తుంది. ముందు అతికించినవి తర్వాతి వేడికి ఊడిపోకూడదు. అందుకని మొదటి అతుకులకు 188 డిగ్రీల దగ్గర కరిగే టంకం, వాటి పక్కన వచ్చే వాటికి 145 డిగ్రీలది వాడతారు. వైట్‌మెటల్ పొగగొట్టాన్ని ఇత్తడి బాయిలరు మీద నిలపాల్సి వస్తే 70 డిగ్రీల టంకం ఉంది. నీళ్లు మరగడానికి కావలసిన వేడి కూడా దానికి అక్కర్లేదు. కానీ అది ఇత్తడిని నేరుగా పట్టుకోదు. ముందు ఇత్తడి మీద 145 డిగ్రీల టంకంతో పల్చని పూత వేసి, ఆ పూత మీద దాన్ని కరిగించాలి. ఈ సంగతి కిట్టుతో వచ్చే కాగితంలో చాలాసార్లు ఉండదు. పని అయ్యాక, టంకం పట్టడానికి పూసే ఆమ్లపు ఫ్లక్స్‌ను శుభ్రంగా కడగాలి. కడగకపోతే నెల తిరిగేసరికి మూలల్లో పచ్చగా చిలుము పడుతుంది.

ఒంటికి ఇంత శ్రమ పడ్డా పరీక్ష జరిగేది చాసిస్ దగ్గరే. రెండు పక్క రేకులు, మధ్యలో దూరం నిలిపే ముక్కలు, ఇరుసులు తిరిగే బేరింగులు, చక్రాలను కలిపే కడ్డీలు. చూడటానికి ఇంతే. ఆవిరి ఇంజనులో రెండు పక్కల కడ్డీలూ ఒకే సమయంలో చివరి స్థానానికి రావు. ఒక పక్క కడ్డీ పిన్ను పైన ఉంటే రెండో పక్కది పావు చుట్టు వెనకో ముందో ఉంటుంది. సైకిలు పెడల్ నిలువుగా ఉన్నప్పుడు దాన్ని ఎంత గట్టిగా కిందికి తొక్కినా బండి కదలదు. ఇంజనుకు అలాంటి చిక్కు రాకుండా రెండు పక్కలనూ 90 డిగ్రీల తేడాతో బిగిస్తారు. దీన్నే క్వార్టరింగ్ అంటారు. నమూనాలో మోటారు ఒక ఇరుసునే తిప్పుతుంది, మిగతావి కడ్డీల వెంట తిరుగుతాయి. చాలామంది ఆ 90 కోసం తంటాలు పడతారు. నిజానికి 88 అయినా 92 అయినా బండి నడుస్తుంది. అన్ని ఇరుసుల మీదా అదే కోణం ఉండటమే ముఖ్యం. ఒక ఇరుసు 90, పక్కది 87 అయితే ప్రతి చుట్టులో ఒకచోట కడ్డీ బిగుసుకుంటుంది.

ఆ బిగుసును కంటితో పట్టలేం. అనుభవం ఉన్నవాళ్లు ఒక అద్దం ముక్క తీసుకుని, ఒక చివర కింద అగ్గిపెట్టె పెట్టి, మోటారు బిగించని చాసిస్‌ను పై కొసన వదులుతారు. అది నూనె మీద జారినట్టు కిందికి దొర్లిపోవాలి. దొర్లుతూ దొర్లుతూ ఒక్క క్షణం తడబడిందంటే తప్పు ఉన్నట్టే. అప్పుడు ఒక పక్క కడ్డీ తీసేసి మళ్లీ వదలాలి. తడబాటు పోతే లోపం ఆ పక్కన. పోకపోతే ఇరుసు వంకరో, బేరింగు బిగువో. చక్రాన్ని పిసరంత తిప్పడం, సన్నని రీమరుతో కడ్డీ రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చేయడం, మళ్లీ అద్దం మీద వదలడం. ఒక్కోసారి ఒక సాయంత్రమంతా ఇందులోనే గడిచిపోతుంది. మోటారు పెడితే అదే సర్దుకుంటుందిలే అనుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. మోటారు తన బలంతో ఆ బిగుసును దాటిస్తుంది, కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత వేడెక్కి కాలిపోతుంది. మోటారు బిగించేటప్పుడు వార్మ్‌కూ గేరుకూ మధ్య పల్చని కాగితం ముక్క పెట్టి, సరిచూసి, లాగేస్తారు. ఆ కాగితం మందమే వాటి మధ్య ఉండాల్సిన ఖాళీ.

కరెంటు అందుకోవడం మరో కథ. నాలుగు చక్రాల బండిని పూర్తిగా బిగుసుగా చేస్తే, ఎగుడుదిగుడు నేల మీద వేసిన నాలుగు కాళ్ల పీటలా ఎప్పుడూ ఒక చక్రం గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్న చక్రం కరెంటు ఇవ్వదు. ఒక ఇరుసును మధ్యలో ఆనించి అటూ ఇటూ ఊగేలా చేస్తే బండి మూడు కాళ్ల పీట అవుతుంది, నాలుగు చక్రాలూ పట్టాను తాకుతాయి. చక్రాల వెనక భాగాన్ని తాకే సన్నని కంచు తీగలు కరెంటును మోటారుకు చేరుస్తాయి. అవి మెల్లగా నొక్కితే మధ్యమధ్యలో తెగుతాయి, గట్టిగా నొక్కితే బ్రేకుల్లా పనిచేస్తాయి. ఇక మిగిలిన ప్రతి సందులో బరువు నింపాలి. సెంటీమీటరు వెడల్పు, రెండు సెంటీమీటర్ల పొడవున్న బాయిలరులో సీసం నింపితే 18 గ్రాములు వస్తుంది, అంటే నిజం ఇంజను వాటా కంటే ఎక్కువ. కానీ ఆ చోటులో మోటారు ఉంది. కాబట్టి పక్క తొట్లలో, బొగ్గు పెట్టెలో, కప్పు కింద సీసపు ముక్కలు, టంగ్‌స్టన్ పొడి కూరుతారు. బరువంతా వెనకే పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. చాసిస్‌ను మధ్యలో కత్తి అంచు మీద నిలిపి అది ఎటు ఒరుగుతుందో చూస్తూ నింపడమే పద్ధతి. ఈమధ్య చిన్న కెపాసిటర్లు కూడా పెడుతున్నారు. కరెంటు తెగిన ఆ క్షణంలో బండిని అవి ముందుకు తోస్తాయి. ఉపాయం మంచిదే, అయితే పట్టా తుడవకుండా ఉండటానికి అది సాకుగా మారే ప్రమాదమూ ఉంది.

పెట్టెలోంచి తీయగానే నడిచేవి వచ్చాక

2010ల రెండో సగంలో పరిస్థితి మారింది. హెల్యన్, బాక్‌మన్ వంటి సంస్థలు ఈ స్కేలులో పూర్తిగా తయారైన నారోగేజి ఇంజన్లు అమ్మడం మొదలుపెట్టాయి. బాక్‌మన్ ఎంచుకున్న బాల్డ్‌విన్ ఇంజను చూస్తే ఆ ఎంపిక వెనక లెక్క తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం అమెరికాలో 495 చేశారు. యుద్ధం అయ్యాక అవి బ్రిటన్‌లోని చిన్న రైల్వేలకు, ఇతర దేశాలకు చేరాయి. కొన్ని మన ఉత్తర భారతంలోని చక్కెర మిల్లుల్లో దశాబ్దాలు చెరకు మోశాయి. వాటిలో ఒకటి 1980లలో తిరిగి బ్రిటన్ చేరి, బాగుపడి, మళ్లీ నడిచింది కూడా. ఒకే ఇంజనును ఇన్ని రంగుల్లో, ఇన్ని పేర్లతో అమ్మగలిగితేనే ఉక్కు అచ్చుల ఖర్చు తిరిగొస్తుంది. తర్వాత వచ్చిన గని హన్స్‌లెట్ కూడా సరిగ్గా ఇదే రకం.

అయితే సంఖ్య ఒక్కటే నిర్ణయించడం లేదు. ఇంగ్లండ్‌లోని లింటన్-బార్న్‌స్టపుల్ రైల్వేకు 1898 నుంచి 1935లో మూతపడేవరకు ఉన్నవి మొత్తం ఐదు ఇంజన్లే. అయినా వాటి నమూనాలు రెడీమేడ్‌గా వచ్చాయి. మూతపడిన రోజు నుంచి ఆ రైల్వే మీద పెరుగుతూ వచ్చిన బెంగే అందుకు కారణం. కొనేవాడి మనసులో అంతకుముందే పాతుకుపోయిన ఇంజన్లే కర్మాగారానికి చేరతాయి. నారోగేజి ప్రపంచంలో ఎక్కువ భాగం అలాంటిది కాదు. ఒక గనికి రెండు, ఒక తోటకు ఒకటి, ఒక సిమెంటు ఫ్యాక్టరీకి మూడు, అదీ స్థానిక వర్క్‌షాపు ఇష్టం వచ్చినట్టు మార్చేసినవి. వీటిని ఏ కంపెనీ చేయదు. కిట్టు అవసరం అక్కడ అలాగే మిగిలి ఉంది. రెడీమేడ్ ఇంజన్లు కిట్టును చంపలేదు, దాని పని మార్చాయి. ఒకప్పుడు ప్రసిద్ధమైన ఇంజను కావాలన్నా కిట్టే గతి. ఇప్పుడు ప్రసిద్ధమైనవి పెట్టెలో దొరుకుతాయి, అనామకమైనవి కిట్టులో దొరుకుతాయి. అనామకమైన వాటిని చేసేవారికే చరిత్ర ఎక్కువ తెలుస్తుందన్నది వేరే సంగతి.

త్రీడీ ప్రింటింగ్ ఆ అనామక ఇంజన్లకు మరో తలుపు తెరిచింది. అచ్చు లేదు, గిడ్డంగి లేదు. కంప్యూటర్లో గీసిన ఒంటిని ఒక్కటైనా ప్రింటు చేసి పంపవచ్చు. చాలామంది డిజైనర్లు నెదర్లాండ్స్‌లో పుట్టిన షేప్‌వేస్ అనే సంస్థ ద్వారా అమ్మేవారు. 2024 జులైలో ఆ సంస్థ దివాలా తీసింది. పాత నిర్వాహకులే దాన్ని తర్వాత కొంతమేర మళ్లీ తెరిచారు గాని, ఆ నెలల్లో వందలాది చిన్న డిజైన్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయాయి. చాసిస్ అరువుతో మొదలైన పాఠం ప్రింటరు అరువు దగ్గర మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇంటికే రెసిన్ ప్రింటరు కొనుక్కునే వారు పెరిగారు. ప్రింటు చేసిన ఒళ్లు ఇంకా తేలిక. సీసం పని అంతకంత పెరుగుతుంది.

ఇదంతా చిన్న స్కేలు బాధ. పెద్ద స్కేలులో కథ తిరగబడుతుంది. నిజం అడుగును 16 మిల్లీమీటర్లు చేస్తే రెండడుగుల గేజి సరిగ్గా 32 మిల్లీమీటర్లు. అదీ అరువు గేజే, పాత ఓ స్కేలు రైళ్లది. కానీ ఇక్కడ గేజి చూసి స్కేలును ఎంచుకున్నారు కాబట్టి తేడా సున్నా. ఈ 19కి ఒకటి స్కేలులో ఇంజన్లు తోటలో వేసిన పట్టాల మీద నిజం ఆవిరితోనే నడుస్తాయి. కరెంటు అక్కర్లేదు కాబట్టి దుమ్ము బెంగ లేదు. అదే హన్స్‌లెట్ ఇక్కడ లెక్క ప్రకారం కిలోకు కాస్త తక్కువ. రాగి బాయిలరుతో నిజంగా చేస్తే ఇంకా ఎక్కువే తూగుతుంది. డాంకాస్టర్‌లోని రౌండ్‌హౌస్ వంటి సంస్థల కిట్లలో బాయిలరు పరీక్షించి ఇస్తారు. కొన్నవాడు బిగించాల్సింది మరలూ, గొట్టాలూ.

ఇక్కడి చిక్కులు వేరు. కొలతలు 19 రెట్లు తగ్గించవచ్చు గాని నీరు మరిగే వేడిని తగ్గించలేం. బాయిలరు చిన్నదయ్యేకొద్దీ లోపలి నీటితో పోలిస్తే బయటి ఉపరితలం పెరుగుతుంది, వేడి త్వరగా పోతుంది. అందుకే బొగ్గు బదులు బ్యూటేన్ గ్యాసు, అందుకే ఒకసారి నీళ్లు పోస్తే అరగంట లోపు పరుగు. సిలిండర్లకు నూనె అందించే పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. ఆవిరి గొట్టానికి పక్కనే చిన్న నూనె డబ్బా ఉంటుంది. అందులోకి చొరబడ్డ కొద్దిపాటి ఆవిరి చల్లబడి నీటిబొట్టుగా మారి అడుగుకు దిగుతుంది. ఎంత నీరు దిగితే అంత నూనె పైకి లేచి ఆవిరిలో కలిసి సిలిండరుకు పోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. పరుగు అయ్యాక డబ్బా అడుగున నీళ్లు కనిపిస్తే నూనె అందినట్టు, కనిపించకపోతే లోపలేదో మూసుకుపోయినట్టు.

మళ్లీ చిన్న స్కేలుకు, ఈసారి మన ఊళ్లకు వద్దాం. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల లైను పడింది. పర్లాకిమిడి రాజా వేయించిన ఆ దారిని 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. నారోగేజి రైలు 2004లో ఆగిపోయింది, 2011లో బ్రాడ్‌గేజి రైలు వచ్చింది. ఉత్తరాంధ్రలో ఇంకా చాలామందికి ఆ చిన్న బండి కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. దాని ఇంజన్లు కర్మాగారానికి చేరే రకం కావు. చేయాలంటే కిట్టూ ఉండదు, రేకు నుంచే మొదలుపెట్టాలి. కానీ ఓఓ బదులు 87కి ఒకటి స్కేలు ఎంచుకుంటే, అక్కడ అడుగు మూడున్నర మిల్లీమీటర్లు, రెండున్నర అడుగుల గేజి 8.75 మిల్లీమీటర్లు అవుతుంది. జర్మనీ పట్టాలు 9 మిల్లీమీటర్లు. తేడా 0.25 మిల్లీమీటరు, ఒక పల్చని ఇత్తడి రేకు మందం.